లారీలో ఆయిల్ ప్రెషర్ ముల్లు ఊగుతోందా? ఇంజన్ దించే ముందు వీటితో చెక్ చేయండి

ఫోన్‌లో ఛార్జింగ్ 40 శాతం చూపిస్తూ ఒక్కసారిగా 12కి పడిపోవడం మీరు చూసే ఉంటారు. ఛార్జర్ పెట్టగానే మళ్లీ 35. అప్పుడు మనకు వచ్చే మొదటి డౌట్ ఏంటి? పాడైంది బ్యాటరీయా, లేక దాన్ని లెక్కగట్టే చిప్పా?

సరిగ్గా ఇదే డౌట్ ఈసారి ఒక లారీ దగ్గర వచ్చింది. మా మామది కోహెడ. సిద్దిపేట జిల్లాలో మండల కేంద్రం, 2016లో కొత్త జిల్లాలు రాకముందు కరీంనగర్ జిల్లాలో ఉండేది. మామకు ఒక పాత పది టైర్ల లారీ ఉంది. యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రాల నుంచి రైస్ మిల్లులకు తోలే టైమ్‌లోనే ఏడాదిలో నాలుగు పైసలు మిగిలేది. సరిగ్గా ఆ సీజన్‌లోనే ఫోన్ వచ్చింది.

"అల్లుడూ, నువ్వు ఫోన్లు, వాచ్‌లు రివ్యూ చేస్తవు కదా. గీ లారీల ఆయిల్ ముల్లు కోతి లెక్క ఎగురుతున్నది. మెకానిక్ ఇంజన్ దించాలంటుండు. జర వచ్చి చూడరాదు?"

ఇంజన్ దించి బోరు పని చేయించడమంటే లక్షల్లో లెక్క. పైగా సీజన్ మొత్తం బండి షెడ్డులోనే. అలాగని పట్టించుకోకుండా తోలితే, ప్రెషర్ నిజంగానే పడిపోతుంటే, ఇంజన్ దారిలోనే పట్టేస్తుంది. రెండు వైపులా నష్టమే. కాబట్టి ముందు తేల్చాల్సింది ఒక్కటే: ముల్లు నిజం చెబుతోందా, అబద్ధం చెబుతోందా?

మేం ఎలా తేల్చామో, ఏ గాడ్జెట్ పనికొచ్చిందో, ఏది పనికిరాలేదో ఈ ఆర్టికల్‌లో చూద్దాం.

అసలు ఆయిల్ ప్రెషర్ అంటే ఏంటి?

ఇంజన్ అడుగున ఉండే చాంబర్ నుంచి ఆయిల్‌ను పంప్ పైకి లాగుతుంది. అది ఫిల్టర్ గుండా వెళ్లి క్రాంక్ బేరింగ్‌ల సందుల్లోకి చేరుతుంది. తిరిగే క్రాంక్, బేరింగ్ ఒకదాన్నొకటి తాకకుండా మధ్యలో ఆయిల్ పొర ఒకటి ఉంటుంది. ఆ పొర ఉన్నంతసేపే ఇంజన్ బతికి ఉన్నట్టు.

ఇక్కడ చాలామంది పొరబడే పాయింట్ ఒకటుంది. పంప్ చేసేది ఆయిల్‌ను తోయడం మాత్రమే. ఆ తోసిన ఆయిల్ బయటికి పోయే సందుల దగ్గర ఎంత అడ్డు తగులుతుందో దాన్ని బట్టే ప్రెషర్ పుడుతుంది. సందులు అరిగి పెద్దవైతే, లేదా ఆయిల్ పలచబడితే ప్రెషర్ తగ్గుతుంది. ట్యాప్‌కు పెట్టిన పైపు చివర వేలు అడ్డుపెడితే నీళ్లు ఎగజిమ్మి, వేలు తీస్తే చప్పబడినట్టే.

లెక్క కోసం గుర్తుంచుకోండి: 1 బార్ అంటే 100 కిలోపాస్కల్స్, అంటే సుమారు 14.5 పీఎస్ఐ. చాలా డీజిల్ లారీల్లో వేడెక్కిన ఇంజన్ స్లోలో ఉన్నప్పుడు 1 బార్‌కు అటూ ఇటూ, రేసు ఇస్తే 3 నుంచి 5 బార్ వరకు కనిపిస్తుంది. కచ్చితమైన అంకె మాత్రం మీ బండి మాన్యువల్‌లోదే. పొద్దున్నే చల్లటి ఇంజన్‌లో ప్రెషర్ ఎక్కువగా ఉండి, వేడెక్కాక తగ్గడం మామూలే. దాన్ని చూసి కంగారు పడొద్దు.

డాష్‌బోర్డ్‌కు ఆ అంకె ఎలా వస్తుంది?

లారీల్లో మూడు రకాలు కనిపిస్తాయి.

1. ఆయిల్ స్విచ్: ఇది ఆన్ లేదా ఆఫ్ మాత్రమే. ప్రెషర్ ఒక గీత కంటే పడిపోతే ఎర్ర లైటు వెలుగుతుంది. అంకెలేవీ ఉండవు.

2. రెసిస్టెన్స్ సెన్సార్: పాత బండ్లలో ఎక్కువ. ప్రెషర్ మారితే దాని ఓమ్స్ మారతాయి. బాగా వాడుకలో ఉన్న 10 బార్ రకంలో ప్రెషర్ లేనప్పుడు సుమారు 10 ఓమ్స్, 2 బార్‌కు 50కి దగ్గర, 10 బార్‌కు 180కి దగ్గర ఉంటుంది. తిరిగి వచ్చే దారి సాధారణంగా ఇంజన్ బాడీనే, అంటే ఎర్త్.

3. మూడు వైర్ల సెన్సార్: కొత్త బండ్లలో ఉంటుంది. దీనికి 5 వోల్టుల సప్లై, ఎర్త్, సిగ్నల్ అని మూడు వైర్లు. సాధారణంగా సిగ్నల్ 0.5 వోల్ట్ ఉంటే సున్నా, 4.5 వోల్టులు ఉంటే ఫుల్ స్కేల్. ఈ అంకెను ఇంజన్ కంప్యూటర్ చదివి డాష్‌బోర్డ్‌కు పంపుతుంది.

గమనించారా? మూడింట్లోనూ మనకు కనిపించేది ప్రెషర్ కాదు, ప్రెషర్ గురించి కరెంటు చెప్పే మాట. మధ్యలో ఒక వైరు తుప్పు పట్టినా ఆ మాట మారిపోతుంది.

బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ సంగతేంటి?

నేను కోహెడకు వెళ్తూ బ్యాగులో వేసుకున్న మొదటి గాడ్జెట్ ఇదే. తీరా చూస్తే మామ లారీ బీఎస్-3 కాలం నాటిది, పెట్టడానికి సాకెట్టే లేదు! మామ నవ్విన నవ్వు ఇంకా గుర్తుంది.

అయితే మీ దగ్గర కొత్త బండి ఉందనుకోండి. దేశమంతటా బీఎస్-4 వచ్చింది 2017 ఏప్రిల్‌లో, బీఎస్-6 వచ్చింది 2020 ఏప్రిల్‌లో. ఈ బండ్లలో డయాగ్నస్టిక్ సాకెట్ ఉంటుంది. అయినా మూడు ఇబ్బందులున్నాయి.

మొదటిది కరెంటు. లారీలది 24 వోల్టుల సిస్టమ్, ఛార్జింగ్‌లో 28 వరకు వెళ్తుంది. మార్కెట్‌లో దొరికే చవక ఈఎల్ఎం327 క్లోన్లలో చాలావరకు కార్ల 12 వోల్టుల కోసం చేసినవి. ప్యాక్ మీద 24 వోల్టులు అని రాసి లేకపోతే పెట్టొద్దు, కాలిపోతుంది.

రెండోది భాష. కార్లు మాట్లాడే స్టాండర్డ్ ఓబీడీ లిస్టులో ఆయిల్ టెంపరేచర్‌కు కోడ్ ఉంది కానీ, ఆయిల్ ప్రెషర్‌కు అందరికీ కామన్‌గా వాడే కోడ్ లేదు. లారీలు వాడే జే1939 అనే ప్రోటోకాల్‌లో మాత్రం ఉంది. అందులో ఆయిల్ ప్రెషర్ నంబర్ 100. అది 65263 అనే మెసేజ్‌లో నాలుగో బైట్‌గా, అర సెకనుకోసారి వస్తుంది. ఆ బైట్‌ను 4తో గుణిస్తే కిలోపాస్కల్స్. బైట్ విలువ 30 అయితే 120 కిలోపాస్కల్స్, అంటే 1.2 బార్. 100 అయితే 4 బార్.

ఇక్కడ ఒక తమాషా ఉంది. 255 వస్తే దానర్థం "డేటా లేదు" అని. కొన్ని యాప్‌లు అది పట్టించుకోకుండా దాన్ని కూడా 4తో గుణించి 10.2 బార్ అని చూపించేస్తాయి. మీ యాప్‌లో 10.2 కనిపిస్తే ఇంజన్ సూపర్‌గా ఉందని మురిసిపోకండి.

మూడోది అన్నింటికంటే ముఖ్యం. డాంగిల్‌కు సొంత సెన్సార్ లేదు. డాష్‌బోర్డ్‌కు చెప్పిన సెన్సారే ఫోన్‌కూ చెబుతుంది. సాక్షి అబద్ధమాడుతుంటే అతన్నే రెండోసారి అడిగితే ఏం లాభం? రంగురంగుల గ్రాఫ్‌లో అదే అబద్ధం వస్తుంది. మనకు కావాల్సింది రెండో సాక్షి.

డాంగిల్ పనికొచ్చేది ఒక్క చోట: డాష్‌బోర్డ్ ముల్లు ఊగుతూ, ఫోన్‌లో అంకె నిలకడగా ఉంటే తప్పు డాష్‌బోర్డ్ మీటర్‌లో లేదా దాని వైరింగ్‌లో ఉన్నట్టు.

ముందు ముల్లు ఎలా కదులుతోందో చూడండి

దీనికి మీ ఫోన్ చాలు. హోల్డర్‌లో పెట్టి ఆయిల్ మీటర్, ఆర్‌పీఎమ్ మీటర్ రెండూ కనిపించేలా వీడియో తీయండి. డ్రైవింగ్ చేసేవాళ్లు కాకుండా పక్కన కూర్చున్నవాళ్లు చూసుకోవాలి. తర్వాత నెమ్మదిగా ప్లే చేస్తే కళ్లకు చిక్కని సంగతులు కనిపిస్తాయి.

- ఇండికేటర్, హెడ్‌లైట్, హారన్ వేసినప్పుడల్లా ముల్లు కదిలితే: కరెంటు సమస్య. ఆయిల్‌కు ఇండికేటర్ సంగతి తెలియదు కదా!
- గుంతల్లో పడ్డప్పుడు ఠక్కున సున్నాకు పడి, మరుక్షణం పైకి లేస్తే: ఎక్కువసార్లు లూజ్ వైరు లేదా కనెక్టర్.
- బ్రేక్ కొట్టినప్పుడు, గుట్ట ఎక్కేటప్పుడు, మలుపులో పడిపోతే: చాంబర్‌లో ఆయిల్ తక్కువై పంప్ గాలి పీలుస్తుండొచ్చు. ఇది నిజమైన ప్రమాదం.
- పొద్దున బాగుండి, గంట తోలాక నెమ్మదిగా దిగజారితే: ఆయిల్ పలచబడింది, లేదా బేరింగ్‌లు అరిగాయి.
- సెల్ఫ్ కొట్టాక ప్రెషర్ లేవడానికి చాలాసేపు పడితే: ఫిల్టర్ లేదా పంప్ ఆయిల్ లాగే పైపు దగ్గర చూడాలి.
- స్పీడుతో సంబంధం లేకుండా ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ అయితే: రిలీఫ్ వాల్వ్ ఇరుక్కుంటుండొచ్చు.

మామ లారీలో ఇండికేటర్ వేశాం. టిక్, టిక్ అన్నప్పుడల్లా ముల్లు కిందికి తొణికింది. మామ మొహం వెలిగిపోయింది. "అంటే ఇంజన్ మంచిగనే ఉన్నదన్నట్టా?" అన్నాడు. ఆగు మామా, ఇంకా తేలలేదు అన్నాను. ఆ మాట ఎందుకన్నానో తర్వాత చెబుతాను.

గాడ్జెట్ నంబర్ 1: మల్టీమీటర్

వెయ్యి రూపాయల లోపు దొరికే మామూలు మల్టీమీటర్ చాలు. చేయాల్సిన టెస్టులు రెండు.

మొదటిది ఎర్త్ టెస్ట్. ఇంజన్ స్టార్ట్ చేసి లైట్లన్నీ వేయండి. మీటర్‌ను డీసీ వోల్ట్స్‌లో పెట్టి ఒక పిన్ను బ్యాటరీ మైనస్‌కు, రెండోది ఇంజన్ బ్లాక్ మీద శుభ్రమైన ఇనుముకు ఆనించండి. 0.2 వోల్టు లోపు ఉంటే ఓకే. మాకు ఒక వోల్టుకు దగ్గరగా చూపించింది. వెతికితే ఇంజన్‌కు, ఛాసిస్‌కు మధ్య ఉండే ఎర్త్ పట్టీ బోల్టు దగ్గర పూర్తిగా తుప్పు.

ఇది ముల్లును ఎలా కదిలిస్తుంది? ఆల్టర్నేటర్ ఉండేది ఇంజన్ మీద. లైట్లకు వెళ్లిన కరెంటు ఛాసిస్ నుంచి ఇంజన్‌కు తిరిగి రావాల్సింది ఆ పట్టీ మీదుగానే. అక్కడ తుప్పు అడ్డు తగిలితే కొంత వోల్టేజ్ అక్కడే పడిపోతుంది. సెన్సార్ ఎర్త్ కూడా ఇంజన్ బాడీయే కాబట్టి, ఆ తేడాను మీటర్ ప్రెషర్ మార్పు అనుకుంటుంది.

రెండోది సెన్సార్ టెస్ట్. ఇంజన్ ఆపి, ఒకే వైరు ఉన్న రెసిస్టెన్స్ సెన్సార్ అయితే వైరు తీసి, సెన్సార్ పిన్నుకు, బాడీకి మధ్య ఓమ్స్ చూడండి. పైన చెప్పిన రకమైతే 10కి దగ్గరగా ఉండాలి. 60, 70 చూపిస్తున్నా, అంకె నిలవకపోయినా సెన్సార్ పోయినట్టే.

జాగ్రత్త: పాత బండ్లలో మెకానిక్‌లు సెన్సార్ వైరును బాడీకి తాకించి ముల్లు కదులుతుందో లేదో చూస్తారు. ఒకే వైరు ఉన్నప్పుడు అది నడుస్తుంది. మూడు వైర్ల సెన్సార్‌లో మాత్రం ఆ పని అస్సలు చేయొద్దు. 5 వోల్టుల సప్లై షార్ట్ అయితే అదే లైన్ మీదున్న వేరే సెన్సార్లు కూడా పడిపోవచ్చు, కంప్యూటర్‌కే దెబ్బ తగలొచ్చు.

గాడ్జెట్ నంబర్ 2: మెకానికల్ గేజ్ (అసలు హీరో)

బ్లూటూత్ లేదు, బ్యాటరీ లేదు, యాప్ లేదు. గుండ్రటి డయల్, ఒక గొట్టం, అంతే. లోపల వంకర తిరిగిన ఇత్తడి గొట్టం ఉంటుంది. ప్రెషర్ ఎక్కితే అది కొంచెం నిటారు కావడానికి ప్రయత్నిస్తుంది, ఆ కదలిక ముల్లును తిప్పుతుంది. ఫ్రాన్స్‌కు చెందిన యూజీన్ బూర్డాన్ దీనికి 1849లో పేటెంట్ తీసుకున్నాడు. 175 ఏళ్లు దాటినా ఈ పనికి దీన్ని మించింది లేదు. ఎందుకంటే ఇది ఆయిల్‌ను నేరుగా తాకుతుంది, మధ్యలో వైరు లేదు. మనం వెతుకుతున్న రెండో సాక్షి ఇదే.

వాడే పద్ధతి ఇదీ:

1. ఇంజన్ ఆపి, చల్లారాక సెన్సార్ విప్పండి. బండిని చదునైన చోట, న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వేసి, టైర్ల కింద అడ్డు పెట్టండి.
2. అదే రంధ్రంలో గేజ్ గొట్టం బిగించండి. మర సరిపోయే అడాప్టర్ కావాలి. బలవంతంగా తిప్పితే బ్లాక్ మర పోతుంది.
3. గొట్టం సైలెన్సర్ వైపు, ఫ్యాన్ వైపు వెళ్లకుండా కట్టండి. వేడి సైలెన్సర్ మీద ఆయిల్ చిమ్మితే మంటలు లేస్తాయి.
4. స్టార్ట్ చేసి చల్లటి ఇంజన్ రీడింగ్ రాసుకోండి. తర్వాత ఇంజన్ బాగా వేడెక్కనిచ్చి, స్లోలో ఒకసారి, రేసులో ఒకసారి రాసుకోండి.
5. ఆ మూడు అంకెలను మాన్యువల్‌తో పోల్చండి.

అలవాటు లేకపోతే ఈ పని మెకానిక్‌తోనే చేయించండి. "ముందు మెకానికల్ గేజ్ పెట్టి చూపించు అన్నా" అని అడగడం మాత్రం మీ హక్కు.

కోహెడలో ఏం తేలింది?

ఎర్త్ పట్టీ మార్చాం. ముల్లు ఎగరడం ఆగిపోయింది. మామ అప్పటికే వడ్ల లోడుకు ఫోన్ చేసేశాడు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు: "సెన్సార్ ప్రాబ్లమ్ అంతే, ఇంజన్ సూపర్" అని.

కానీ మీటర్ అబద్ధం చెప్పిందని తేలినంత మాత్రాన ఇంజన్ బాగుందని తేలినట్టు కాదు. అవి రెండు వేరు ప్రశ్నలు. అందుకే మెకానిక్‌ను ఒప్పించి గేజ్ పెట్టించాం. వేడి ఇంజన్‌లో రేసు ఇస్తే 3.8 బార్ వచ్చింది, బానే ఉంది. స్లోకు వచ్చేసరికి 0.7. మాన్యువల్‌లో ఉన్నదాని కంటే తక్కువ.

అప్పుడు డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ పై గీత దాటి ఉంది. ఎవరూ పోయకుండా ఆయిల్ పెరిగిందంటే అందులో ఇంకేదో కలుస్తున్నట్టు. వాసన చూస్తే డీజిల్. ఫీడ్ పంప్ సీల్ పోయి డీజిల్ మెల్లగా చాంబర్‌లోకి దిగుతోంది. ఆయిల్ పలచబడి వేడిలో ప్రెషర్ నిలవడం లేదు. ఎగిరే ముల్లు గోలలో ఈ అసలు జబ్బు ఎవరికీ కనిపించలేదు.

ఫీడ్ పంప్ బాగు చేయించి, ఆయిల్, ఫిల్టర్ మార్చాక వేడి స్లోలో 1.3 బార్ వచ్చింది. ఇంజన్ దించే పని తప్పింది. మొదట్లో ఇంజన్ దించాలన్న మెకానికే గేజ్ చూసి, "ఇది ముందే పెట్టాల్సింది" అన్నాడు. ఒకవేళ ఇంత చేసినా 0.7 దగ్గరే ఉంటే మాత్రం ఆయన చెప్పిందే నిజమయ్యేది, బేరింగ్‌లు చూడక తప్పేది కాదు.

ప్రెషర్ నిజంగానే తక్కువుంటే ఏ వరుసలో చూడాలి?

ఖర్చు తక్కువ ఉన్న దాని నుంచి మొదలుపెట్టండి.

- ఆయిల్ లెవెల్: తక్కువైనా తప్పే, ఎక్కువైనా తప్పే. మరీ ఎక్కువైతే క్రాంక్ చిలికి నురగ చేస్తుంది, నురగకు ప్రెషర్ నిలవదు.
- ఆయిల్ వాసన, రంగు: డీజిల్ వాసన వస్తే పలచబడింది. పాలలా, మజ్జిగలా మారితే నీళ్లు కలిశాయి, బండి కదపొద్దు.
- గ్రేడ్: కంపెనీ 15డబ్ల్యూ-40 చెబితే అదే పోయాలి. బీఎస్-6 బండికి మాన్యువల్‌లో రాసిన తక్కువ బూడిద రకమే వాడాలి.
- ఫిల్టర్: చవక నకిలీ ఫిల్టర్ పెట్టాక మొదలైందా? ముందు దాన్ని మార్చండి.
- రిలీఫ్ వాల్వ్, ఆ తర్వాత చాంబర్ విప్పి లోపలి జాలి.
- చివర్లో పంప్, బేరింగ్‌లు.

బీఎస్-6 బండ్లు వాడేవాళ్లకు ఇంకో మాట. పొగలోని మసిని పట్టే డీపీఎఫ్‌ను శుభ్రం చేయడానికి చాలా ఇంజన్లు కొంచెం డీజిల్ అదనంగా చిమ్మి కాలుస్తాయి. ఆ క్లీనింగ్ మధ్యలో ఇంజన్ పదే పదే ఆపేస్తుంటే ఆ డీజిల్ కొంత సిలిండర్ గోడల మీదుగా ఆయిల్‌లోకి దిగుతుంది. ఊళ్లో చిన్న చిన్న ట్రిప్పులే ఎక్కువగా తోలేవాళ్లు డిప్‌స్టిక్ మీద ఓ కన్నేసి ఉంచండి.

ఏం కొనాలి? ఏం వద్దు?

- మల్టీమీటర్: కచ్చితంగా కొనండి. లారీకే కాదు, ఇంట్లో ఇన్వర్టర్‌కు, బైక్ బ్యాటరీకి కూడా పనికొస్తుంది.
- మెకానికల్ గేజ్ కిట్: సొంతంగా రెండు మూడు బండ్లు ఉంటే కొనండి. ఒకే బండి ఉంటే మెకానిక్ దగ్గర ఉందో లేదో అడిగితే చాలు.
- ఓబీడీ డాంగిల్: 24 వోల్టులు, జే1939 రెండూ సపోర్ట్ చేస్తుందని రాసి ఉంటేనే. ఫాల్ట్ కోడ్‌లు చదవడానికి మంచిదే, ఆయిల్ ప్రెషర్ నిజమా కాదా తేల్చడానికి కాదు.
- మీ ఫోన్ కెమెరా: ఉంది కదా, వాడండి.

చివరగా ఒక్క రూల్. నడుస్తున్న బండిలో ఎర్ర ఆయిల్ లైటు వెలిగితే, లేదా ముల్లు సున్నాకు పడి అక్కడే ఉంటే, ముందు పక్కకు తీసి ఇంజన్ ఆపండి. సెన్సార్ అబద్ధం చెబుతోందా అనే పరిశోధన ఆ తర్వాత. ఆపితే పోయేది అరగంట, ఆపకపోతే పోయేది ఇంజన్. "మా బండిల అది ఎప్పుడూ గట్లనే వెలుగుతది" అనే డ్రైవర్ అన్న మీకు తెలిస్తే, ఈ ఆర్టికల్ ముందు ఆయనకు వాట్సాప్ చేయండి.